అడవి ఎవరిది? (ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను రైల్వే గుమాస్తాను. పదవ తరగతితో చదువు చాలించినవాడను. ఎలక్ట్రానిక్ సిటీలోని మన సంఘములో ఇంజనీర్లు, పెద్ద ఉద్యోగస్థులు ఇంతమంది ఉండగా నన్నే మాట్లాడమని కార్యదర్శిగారు ఎందుకు పట్టుపట్టినారో నాకు తెలియదు. "మీ ప్రాంతపు సంగతి ఏదైనా చెప్పండి, పది నిమిషములు మించవద్దు" అన్నారు. మాది ఏలేశ్వరము. అక్కడ నుంచి ఉత్తరముగా నాలుగు కోసులు పోతే మన్యము మొదలవుతుంది. కాబట్టి మన్యపు సంగతే చెబుతాను.

ఈ పొద్దున మనమందరము ఉగాది పచ్చడి తిన్నాము. అందులోని చింతపండు ఎక్కడిదని ఎవరైనా అడిగినారా? మన్యములో ఎండాకాలము వచ్చినదంటే ఇంటిల్లపాది చెట్ల కిందనే ఉంటారు. చింతపండు, కుంకుడుకాయ, తేనె, అడ్డాకు ఏరి సంతకు మోసుకొని వస్తారు. వాటిని న్యాయమైన ధరకు కొనడానికని 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టినారు. అంతకు ముందు కొన్నవారు మనవంటి మైదానపు షావుకార్లే. ఆ మాట తరువాత చెబుతాను.

ముందు నాకు అన్నము పెట్టే రైలు సంగతి చెప్పాలి. మన దేశములో మొదటి ప్రయాణికుల రైలు 1853లో నడిచినది. పట్టాల కింద పరచడానికి మైలుకు 1,760 నుంచి 2,000 వరకు కొయ్య స్లీపర్లు కావలసివచ్చేవి. టేకు, సాల, దేవదారు వంటి గట్టి చేవగల కర్రయే వానకు, చెదలకు ఆగుతుంది. చేవ ఊరికే పట్టదు గదా, వయసుపడిన చెట్టే కావాలి. అదియును పది పన్నెండేండ్లకు పుచ్చిపోతే మళ్ళీ మార్చాలి. అడవులు ఇలా తరిగిపోతూ ఉంటే దొరలకే భయము వేసినది. 1864లో అటవీశాఖను పెట్టి బ్రాండిస్ అనే జర్మను దొరను దానికి అధికారిగా వేసినారు. ఆ తరువాత చట్టములు వచ్చినవి. మన మద్రాసు రాజధానికి 1882లో వచ్చినది. చెట్టును కాపాడడానికే చట్టమన్నారు. అయితే కలప సర్కారుకు కావలసినప్పుడు కూపులు వేలము వేసి కొట్టించవచ్చు. కొండరెడ్డి పోడు కొట్టుకొంటే మాత్రము నేరము. తాతలనాటి అడవిలో కట్టెలు ఏరుకొన్నవాడు ఒక్క గీతతో దొంగ అయిపోయినాడు.

ఇప్పుడు మా లైన్లలో కాంక్రీటు స్లీపర్లే. మా పాపము అంతవరకు తీరినదనుకొందాము.

మన్యమువారు ఊరుకున్నారా అంటే ఊరుకోలేదు. కల్లు మీద కూడా చిగురుపన్ను వేసినప్పుడు 1879లో రంప కొండలు అంటుకొన్నవి. తరువాత నర్సీపట్నము నుంచి లంబసింగి రోడ్డు వేయించేటప్పుడు బాస్టియన్ అనే గూడెము తాసీల్దారు సరియైన కూలి ఇవ్వక జనమును పీడించినాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకొని పోయినారు. సీతారామరాజుగారిని మనము సినిమాలో చూసి చప్పట్లు కొట్టినాము. ఆయన పక్కన నిలబడిన గాము గంటందొరను, మల్లుదొరను ఎంతమంది తలచుకొంటారు? శిక్ష అనుభవించి వచ్చిన ఆ మల్లుదొరగారే 1952లో విశాఖపట్నము నుంచి లోకసభకు ఎన్నికైనారు.

ఇక మా ఇంటి కథ. ఇది చెప్పవచ్చునా అని నిన్న రాత్రి మా నాన్నగారిని అడిగినాను. ఆయన ఇక్కడనే రెండవ వరుసలో కూర్చున్నారు. "చెప్పుకో. మీ తాత దొంగ అని మాత్రము అనకు" అన్నారు. అనను.

మా తాతగారు ఉప్పు, కిరసనాయిలు, గుడ్డలు కావడి మీద పెట్టుకొని అడ్డతీగల వైపు సంతలకు తిరిగేవారు. చింతపండు కాలమునకు తీరుస్తామని అరువు పట్టుకొని పోయేవారు. అలా ఒక కొండరెడ్డి బాకీ పెరిగి, 1962లో ఆయన నాలుగెకరముల పల్లపు చెక్క మా తాతగారి చేతికి వచ్చినది. మా నాన్నగారు పెరిగినది ఆ చెక్క మీద పండిన గింజలతోనే.

చట్టము అప్పటికే ఉన్నది. అనుమతి లేకుండా ఏజెన్సీ భూమి కొండవారి చేతినుంచి ఇతరులకు పోరాదని 1917లోనే ఉన్నది. 1959లో కొత్త రెగ్యులేషను చేసినారు. 1970లో దానిని ఇంకను బిగించి, గిరిజనేతరుని చేతిలో ఏజెన్సీ భూమి ఉంటే అది గిరిజనుని వద్దనుంచి వచ్చినదేనని ముందు అనుకోవాలి, కాదని రుజువు చేయవలసినవాడు ఆ గిరిజనేతరుడే అన్నారు. కేసు మా ఇంటికీ వచ్చినది. 1980 దాటిన తరువాత ఆ చెక్క కొండరెడ్డి కొడుకులకు తిరిగి పోయినది. మా నాయనమ్మ పోయేవరకు దానిని అన్యాయమనే అన్నది. నేనూ చాలాకాలము అలాగే అనుకొన్నాను.

మూడేండ్ల క్రిందట ఇల్లు సర్దుతూ ఉంటే ట్రంకుపెట్టెలో ఆ కాగితము దొరికినది. గుమాస్తాను గనుక నా కన్ను ముందు అంకెల మీద పడుతుంది. బాకీ నూట నలభై రూపాయలు. అసలెంత, వడ్డీ ఎంత అన్నది వ్రాయలేదు. కింద ఒక వేలిముద్ర. ఇద్దరు సాక్షుల సంతకములు. ఆ రెండు సంతకములును మా తాతగారి దస్తూరియే.

నాన్నగారికి చూపించినాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ పెట్టెలో పెట్టమన్నారు.

ఇప్పటి సంగతి రెండు ముక్కలలో చెబుతాను. అరకు రైలులో పోయేవారు బొర్రా గుహలు చూస్తారు. అక్కడి అనంతగిరి కొండలలో గనులను ప్రైవేటు కంపెనీలకు కౌలుకిస్తే, 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కినది. 1997 జూలై 11న సుప్రీంకోర్టు, ప్రభుత్వము కూడా ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకు ఇవ్వరాదన్నది. 2006లో అటవీ హక్కుల చట్టము వచ్చినది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న గిరిజన కుటుంబమునకు పది ఎకరముల లోపు హక్కు ఉన్నది. విచారణ మొదలుపెట్టవలసినది గ్రామసభ. మనమున్న ఈ కర్ణాటకలోనే, బిళిగిరిరంగన కొండల సోలిగలకు 2011లో ఊరుమ్మడి అటవీ హక్కు దక్కినది, అదియును పులుల అభయారణ్యములో. కాని 2019 ఫిబ్రవరిలో, దరఖాస్తులు తిరస్కరింపబడినవారిని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఉత్తరువు చేసి, పదిహేను రోజులకు తానే నిలిపినది. ఆ పదిహేను రోజులు అడవిలో ఎవరికి నిద్ర పట్టి ఉంటుంది?

"హక్కులిస్తే ఉన్న అడవిని నరికేస్తారు" అని మన సభ్యుడొకరు నాతో అన్నారు. పోడుకు చెట్లు కొడతారు, లేదనను. పూర్వము ఒక చెక్క కొట్టి, రెండు మూడేండ్లు పండించి, అడవి మళ్ళీ లేచేవరకు వదలిపెట్టేవారు. చోటు మనము కుదించిన కొద్దీ ఆ విరామము తగ్గిపోయినది. లారీలకెత్తిన దుంగలు మాత్రము పోడు కొట్టినవాని ఇంటికి పోలేదు.

కార్యదర్శిగారు గడియారము చూస్తున్నారు. ఒక్క మాట. నాన్నగారూ, ఆ కాగితము పెట్టెలో నుంచి తీసి నా దగ్గర పెట్టుకొన్నాను. ఎండాకాలము సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు అడ్డతీగల పోయి ఆ కొడుకుల చేతికి ఇచ్చి వద్దామా అని ఇంట్లో మిమ్మల్ని అడగలేకపోయినాను. ఇక్కడ అడుగుతున్నాను.

సెలవు.