విశ్వాసాన్ని దాచుకోని మన పొరుగువారు

(ముస్లిం, క్రైస్తవ పెద్దలు కలిసి జరిపిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



"క్రైస్తవుల కష్టాలు మనకెందుకు?" అని బయలుదేరే ముందు ఒక మిత్రుడు నన్నడిగారు. ఖుర్ఆన్ చదివేవారికి ఈ సందేహం రాకూడదు. బురూజ్ సూరాలో అగ్నికందకాల ప్రస్తావన ఉన్నది. దేవుణ్ణి విశ్వసించడమే నేరమై మంటల పాలైనవారి గాథ అది. వారు యమన్ రాజు జూనువాస్ చేతిలో హతులైన నజ్రాన్ క్రైస్తవులేనని పలువురు వ్యాఖ్యాతలు వివరించారు. చరిత్రకారులు ఆ ఘటనను 523 ప్రాంతానిదిగా గుర్తిస్తారు. మక్కాలో హింసలు పడుతున్న తొలి ముస్లింలకు అల్లాహ్ ఆ మనుషుల స్థైర్యాన్నే ఆదర్శంగా చూపాడు. ఆ తొలి ముస్లింలకు ఆశ్రయమిచ్చిన నజాషీ కూడా క్రైస్తవ రాజే.

ఇది గతించిన కాలపు మాట కాదు. 2008 ఆగస్టులో ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య జరిగింది. హంతకులెవరో తేలకముందే క్రైస్తవ పల్లెలపై దాడులు మొదలయ్యాయి. వేల ఇళ్ళు తగలబడ్డాయి. జనం అడవుల్లోకి పారిపోయి, ఆ తరువాత శిబిరాల్లో తలదాచుకున్నారు. మతం మార్చుకుంటేనే ఊళ్ళోకి రానిస్తామని అనేకచోట్ల షరతు పెట్టారు. దానికి తల వంచక ఇల్లూ పొలమూ వదులుకున్న నిరుపేదలు ఎందరో ఉన్నారు.

నిప్పు పెట్టేవాడిని అందరూ గుర్తుపడతారు. కాగితం మీద జరిగే అన్యాయం అంత సులభంగా కంటికి కనిపించదు. రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగా కుల ధృవీకరణ పత్రాలు రాసినవాణ్ణి గనుక ఆ సంగతి చెప్పవలసిన బాధ్యత నాకున్నది.

రాజ్యాంగంలోని 341వ అధికరణం కింద 1950లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడవ పేరా హిందువులను మాత్రమే షెడ్యూల్డు కులాలవారిగా గుర్తించింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు, దళిత ముస్లింలు నేటికీ బయటనే ఉన్నారు. షెడ్యూల్డు తెగలకు ఇటువంటి మత నిబంధన లేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారికి, వారి సంతతికి బి.సి.-సి కింద దక్కేది ఒక్క శాతం రిజర్వేషన్.

ఒకనాడు ఒక వ్యవసాయ కూలీ తన కుమార్తెకు కుల పత్రం కోసం వచ్చాడు. ఆ పిల్లకు ఉపాధ్యాయ శిక్షణలో చేరాలని ఆశ. పత్రంలో బి.సి.-సి అని రాస్తే సీటు రాదని నాకు తెలుసు. జాలితోనే, "మతం గడిలో హిందువని రాసివ్వు పెద్దాయనా, ఎవరూ అడగరు" అన్నాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "సాయిబు గారూ, మీ అమ్మాయి చదువు కోసమైతే మీరు ముసల్మాను కాదని రాసిస్తారా?" అని నెమ్మదిగా అడిగాడు.

నేను జవాబు చెప్పలేకపోయాను. బి.సి.-సి అనే రాసి పంపాను. ఆ ఏడు సీటు రాలేదు. ఆ అమ్మాయి తల్లితో కలిసి మిరప కోతలకు వెళుతున్నదని తరువాత విన్నాను. ఆయన నమ్మిన సత్యాన్ని దాచమని సలహా ఇచ్చింది నేనే. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ వదలలేదు.

మతం మారితే కులం పోతుందని వాదించేవారు ఆ పల్లెకు వెళ్ళి చూడాలి. ఆయన ఇల్లు ఊరి చివర పేటలోనే ఉన్నది. చర్చిలో ప్రార్థన చేసినంత మాత్రాన కూలిరేటు పెరగలేదు, పిలుపు మారలేదు. మద్రాసు వీధుల్లో చెప్పులు కుట్టుకునే సూసై అనే క్రైస్తవుడికి ప్రభుత్వ బంకు ఇవ్వకపోతే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 1985లో ఆయన పిటిషన్‌ను కొట్టివేశారు. మరోవైపు, తిరిగి హిందువైన వ్యక్తిని కులస్థులు అంగీకరిస్తే పాత హోదా మళ్ళీ లభిస్తుందని న్యాయస్థానాలు చెప్పాయి. విశ్వాసం వదిలితే హక్కు వస్తుంది, నిలబడితే పోతుంది. దీన్ని మత స్వేచ్ఛ అని ఎలా అనగలం?

ఈ హోదాను మతంతో ముడిపెట్టరాదని 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. దళిత క్రైస్తవుల కోసం ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లోనూ, 2023లోనూ తీర్మానాలు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నాయకత్వంలో మరో కమిషన్‌ను నియమించింది. తీర్మానాలు, కమిషన్లు ఎన్ని వచ్చినా ఉత్తర్వు మారితేనే ఆ కూలీ ఇంటికి న్యాయం చేరుతుంది.

సోదరులారా, నా విన్నపాలు మూడు. మన వినతిపత్రాల్లో దళిత ముస్లింల పక్కన దళిత క్రైస్తవుల పేరు తప్పక రాయండి. పల్లెలో ప్రార్థన ఆపించే ప్రయత్నం జరిగితే పాస్టరు గారు పిలిచే వరకు ఆగకుండా మనమే వెళ్ళి పక్కన నిలబడదాం. నావంటి విశ్రాంత ఉద్యోగులు వారానికి ఒక పూట కూర్చుని పేదల దరఖాస్తులు రాసిపెట్టాలి. అయితే సీటు కోసం విశ్వాసాన్ని దాచమని ఎవరికీ సలహా ఇవ్వవద్దు.

ఆ పెద్దాయన ప్రశ్నకు ఆనాడు నేను జవాబివ్వలేదు. ఈ పనిలో మీతో కలిసి నడవడమే నేనివ్వగల జవాబు. అల్లాహ్ మనందరికీ సత్యం పక్షాన నిలిచే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.