గంజి తూకం, నూలు తూకం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను సోలాపూర్‌లో పుట్టి పెరిగిన పద్మశాలి ఇంటి ఆడపిల్లను. ఇక్కడే డాక్టరుగా పని చేస్తున్నాను. ఈరోజు మా నాయిన సంగతి చెప్తాను.

నాయిన 40 ఏండ్లు గుంట మగ్గం నేసిండు. పొద్దంతా పావుకోళ్లు తొక్కిన కాళ్లు అవి. మగ్గం ఆపినంక కుర్చీ, టీవీ. ఆరేండ్లలో తూకం కిలో కూడా మారలేదు. ‘మీ నాయిన గట్టిగనే ఉన్నడు’ అనేవాళ్లు. డాక్టరునై ఉండి నేనూ అదే అనుకున్న. కానీ పొట్ట ముందుకొచ్చింది, పిక్కలు సన్నబడ్డాయి, షుగర్ వచ్చింది. ఒకనాడు రోజూ పోయే చౌక్ నుంచి ఇంటి దారి మరిచిపోయిండు.

గంజి ఎక్కువ పెడితే బట్ట తూకం పెరుగుతుంది, నూలు పెరగదు. ఇది మనకు ఒకరు చెప్పాలా? ఒళ్లూ అంతే. కండ తగ్గి కొవ్వు పెరిగినా తూకం ముల్లు అక్కడే నిలుస్తుంది.

కండకూ మెదడుకూ ఏం సంబంధం? తిన్న తిండిలోని చక్కెరను ఎక్కువగా తీసుకునేవి కండలే. అవి తగ్గి, పొట్టలో కొవ్వు పెరిగితే ఇన్సులిన్ సరిగా పని చేయదు. షుగర్, బీపీ కలిసి మెదడు రక్తనాళాలను దెబ్బతీస్తాయి. నాయిన మరుపుకు ఇదొక్కటే కారణమని నేను అనను. కానీ 2024లో లాన్సెట్ కమిషన్ 14 కారణాలు గుర్తించి, వాటిని అదుపు చేస్తే డిమెన్షియాలో 45 శాతం దాకా ఆపడమో, వెనక్కి నెట్టడమో సాధ్యమని చెప్పింది. నడివయసు లావు, షుగర్, బీపీ, కదలకపోవడం, ఒంటరితనం అందులో ఉన్నాయి. వినికిడి తగ్గడం కూడా ఉంది. పవర్‌లూమ్ చప్పుడులో బతికినవాళ్లు చెవి పరీక్ష చేయించుకోండి.

అరవై దాటినవాళ్లకు ఇంట్లోనే చూడండి. టేపుతో నడుము కొలవండి: మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదు. పిక్క లావుగా ఉన్నచోట కొలవండి: మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 కంటే తగ్గకూడదు. చేతులు గుండెకు కట్టుకొని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి, పక్కన ఒకరు నిలబడండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే డాక్టరుకు చూపించండి.

జొన్నరొట్టె, పల్లీల కారంతో సరిపెట్టకండి. పప్పు, పెరుగు, గుడ్డు రోజూ ఉండాలె. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టరును అడిగి పెట్టండి. నడక మంచిదే, కానీ కాళ్లకు, చేతులకు బలం పెంచే పని కూడా కావాలె. ముసలివాళ్లు ఊరికే చిక్కిపోతుంటే ‘సన్నబడ్డరు’ అని సంతోషపడకండి. అదీ జబ్బు గుర్తు కావచ్చు.

ఇప్పుడు నాయిన రోజూ కుర్చీలోంచి లేచి కూర్చుంటడు, అమ్మ లెక్క పెడుతది. మరుపు పోలేదు. కానీ రాత్రి బాత్రూముకు ఎవరి చెయ్యి పట్టుకోకుండా పోతున్నడు. మా ఇంట్లో ఆలస్యంగా చూసినం. మీరు ఈ రాత్రే టేపు తీయండి.

సెలవు.