అడవినాభిని తవ్వకండి, రాసి పెట్టండి

 

ఆగస్టు 9 వచ్చిందంటే మనం భూమి గురించి, పోడు గురించి మాట్లాడుకుంటం. ఈసారి నేను ఒక పువ్వు గురించి మాట్లాడతా. నవ్వకండి తమ్ముళ్ళూ, ఇది కూడా భూమి ముచ్చటే.

ఇప్పుడు అడవిలో పొదల మీద ఎర్రగా, పసుపుగా మంట లేచినట్టు పూస్తది చూడండి, అదే అడవినాభి. పుస్తకాలోళ్ళు అగ్నిశిఖ అంటరు. ఆకు కొసే చుట్టుకొని పక్క కొమ్మను పట్టుకుంటది. పువ్వు కిందికి వేలాడితే రేకలు వెనక్కి మళ్ళి పైకి లేస్తయి. వానలు పోయాక తీగంతా ఎండిపోతది. దుంప మాత్రం నాగలి ఆకారంలో మట్టిలో పండుకొని ఉంటది, మళ్ళీ తొలకరి దాకా. సంస్కృతంలో దీన్ని లాంగలి అన్నది అందుకే, లాంగలం అంటే నాగలి.

రాలిన ఆకు కుళ్ళి కాస్త పులుపెక్కిన నేల, నీళ్ళు నిలవని నేల దీనికి బాగా పడుతది. కొత్తగూడెం, పాల్వంచ, సత్తుపల్లి వైపు జామాయిల్ తోటలు చూసినారు గదా. పైన పచ్చగానే ఉంటది, లెక్కల్లో అదీ అడవే. వరుసల మధ్య దున్నినంక దుంప యాడ మిగులుతది? నన్నడిగితే అది తోట, అడవి కాదు.

ఇంకో మాట, గట్టిగా చెప్తున్న. ఈ మొక్క నిలువెల్లా విషం. తినే దుంప అనుకొని వండుకొని చనిపోయినోళ్ళున్నరు. ఇందులో ఉండే కోల్చిసిన్‌నే గౌట్ అనే కీళ్ళ జబ్బుకు డాక్టర్లు మాత్రగా ఇస్తరు, కానీ కొలత తప్పితే ప్రాణం పోతది. ఫోన్‌లో వీడియో చూసి ఎవరూ నూరుకొని తాగకండి.

ఆ మందు కోసమే దీని విత్తనానికి గిరాకీ. తమిళనాడుకు ఇది రాష్ట్ర పుష్పం, అక్కడి రైతులు పందిళ్ళేసి పండిస్తరు. మన దగ్గర ఏమైతదంటే, ఎవరో వచ్చి దుంప తవ్వి సంచిలో వేసుకొని పోతే మనం చూస్తూ ఉంటం.

అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఫలసాయం మీద మనకు యాజమాన్య హక్కు ఇచ్చింది. దుంపలు, వేర్లు, మందు మొక్కలు అందులోనే ఉన్నయి. 3(1)(కె) మన సంప్రదాయ జ్ఞానం మీద సామూహిక హక్కు ఇచ్చింది. జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. 2023లో దాన్ని సవరించి, గ్రంథాలకెక్కిన జ్ఞానం వాడుకునేటోళ్ళకు లాభంలో వాటా ఇచ్చే పని లేకుండా చేసిన్రు. లాంగలి ఆయుర్వేదంలో ఎప్పుడో ఎక్కింది. మన తాతమ్మలకు తెలిసింది మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు, నోటి మీదే ఉంది.

అందుకే చదువుకున్న మనం చేయాల్సిన పని ఉంది. పంచాయతీలో జీవవైవిధ్య రిజిస్టర్ ఉందా అని అడగండి. ఉంటే తీసి చదవండి, ఆఫీసులో కూర్చొని నింపినదైతే గ్రామసభలో తీర్మానం పెట్టి మళ్ళీ రాయించండి. పెద్దమ్మలను పక్కన కూర్చోబెట్టుకొని కోయ పేరు కోయలోనే రాయండి, ఎప్పుడు పూస్తది, పశువులు ముడతయా లేదా అన్నీ రాయండి. కానీ ఏ గుట్ట పక్కన ఎక్కువుందో ఆ జాడ మాత్రం రాయకండి, ఫోటోకు లొకేషన్ పెట్టకండి. గడ్డపార పట్టుకొని వచ్చేటోళ్ళు కూడా చదువుకున్నోళ్ళే.