తెరబొమ్మల చిరంజీవిత్వము

(మన సంఘ వార్షిక మహాసభయందు అమలాపురమున గావించిన యుపన్యాసము)



విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహమును గూర్చియు మాకంటె సమర్థులైన వక్తలు ప్రసంగింపనున్నారు. కావున మేము మన పిల్లల చేతులలో రేయింబవళ్లు కదలాడుచున్న వీడియో గేములను గూర్చి, అందలి పాత్రలను గూర్చి ముచ్చటింప నిశ్చయించుకొంటిమి. సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్నవారి కీ గోల యేల యని కొందఱు నవ్వవచ్చును. కాని కొన్ని పాత్రలు పుట్టిననాడే యేల మాసిపోవును, కొన్ని కవి గతించిన పిదపగూడ నేల జీవించును అనునది మన యలంకారికులకు చిరపరిచితమైన ప్రశ్నయే. ప్రశ్న పాతది, తెర క్రొత్తది.

పందెములొడ్డి యాడు ఆటల ప్రసంగ మిచట లేదు. అవి జూదములు. వానిని నిషేధించుచు 2025లో పార్లమెంటు శాసనము గావించినది. కథయు, పాత్రయు గల యాటలే మా విషయము.

తెర యనగానే మన గోదావరి ప్రాంతమువారికి స్ఫురింపవలసినది తోలుబొమ్మలాట. తెల్లని గుడ్డ, దాని వెనుక దీపము, దీపమునకును గుడ్డకును నడుమ రంగులద్దిన తోలుబొమ్మలు, హార్మోనియము, మద్దెల, కాలిక్రింద టపటప మ్రోగు చెక్కపలకలు. రంగనాథరామాయణ ద్విపదలు పాడుచు రేయంతయు కథ నడుపుదురు. నడుమనడుమ కేతిగాడును, జుట్టుపోలిగాడును, బంగారక్కయు ప్రవేశించి నవ్వింతురు. మా బాల్యమున పండుగ దినములలో ఊరిపెద్ద లెవరైన నీయాట పెట్టించినచో, ఇరుగు పొరుగు గ్రామములవారు చాపలు చంకనిడుకొని వచ్చి తెల్లవాఱువఱకు కూర్చుండెడివారు.

ఈ రెండాటలకును దగ్గఱ చుట్టఱికము గలదు. సినిమాలో మనము చూచువారము మాత్రమే. తోలుబొమ్మలాటలోను, వీడియో గేములోను బొమ్మ తనంత కదలదు. ఒక చేయి దానిని కదలింపవలెను. కావున ఈ రెంటియందును నిలిచిన పాత్రల లక్షణములను ప్రక్కప్రక్కన నుంచి పరిశీలింతము.

మొదటి లక్షణము రేఖ. 1981లో జపానుదేశపు నింటెండో సంస్థవారి డాంకీ కాంగ్ అను ఆట వెలువడెను. దానిని కల్పించినవాడు షిగెరు మియమోతొ. నాటి యంత్రమునకు శక్తి స్వల్పము. బొమ్మనంతయు కొలది చుక్కలతో కూర్పవలెను. నోరు తీర్చుటకు తావు లేనందున ముక్కుక్రింద మీసము పెట్టిరి. జుట్టు చిత్రించుట కష్టమగుటచే టోపీ పెట్టిరి. నడచునపుడు చేతుల యూపు తెలియుటకై చొక్కాకొక రంగు, పైతొడుగునకు వేఱొక రంగు వేసిరి. మొదట జంప్‌మాన్ అని పిలువబడిన ఆ వడ్రంగియే తరువాత మారియో యను పేరున లోకవిఖ్యాతుడయ్యెను. నేడు యంత్రములకు వెండ్రుక వెండ్రుకను చిత్రింపగల శక్తి వచ్చినది. అయినను ఆ మీసమును, ఆ టోపీని ఎవరును తీసివేయలేదు. నాడు కొఱతను కప్పుటకు పెట్టినదే నేడు గుర్తుగా నిలిచినది.

తోలుబొమ్మ చేయువానికిని ఇట్టి యిబ్బందియే. దీపపు వెలుగున, దూరమున గూర్చున్నవానికి సూక్ష్మమైన ముఖవికారము కానరాదు. అందుచే నతడు పలుమాఱు ప్రక్కమొగమునే తీర్చి, కన్ను పెద్దది చేసి, తోలున సన్నని రంధ్రములు పొడిచి నగల మెఱపు చూపును. రావణునకు పది తలలు, హనుమంతునకు తోక, పోలిగానికి జుట్టు. నిదురకన్నులతో నున్న పసివాడు సైతము నీడ పడినంతనే పేరు చెప్పగలడు.

రెండవది స్వభావము. 1980లో తోరు ఇవతాని కల్పించిన పాక్-మాన్ అను ఆటలో, గుండ్రని నాయకుని నాలుగు దయ్యములు తఱుముచుండును. వానికి మాటలు లేవు, రూపభేదము లేదు, రంగు మాత్రమే వేఱు. అయినను ఎఱ్ఱనిది తిన్నగా వెంటబడును. గులాబిరంగుది ముందటి దారిని కాచును. నారింజరంగుది దగ్గఱకు వచ్చి, పిఱికివానివలె తన మూలకు మఱలిపోవును. నడకచేతనే నాలుగింటికి నాలుగు స్వభావము లేర్పడినవి.

మృచ్ఛకటికమునందలి శకారుని తలచుకొనుడు. రాజుగారి బావమఱది యను గర్వముతో, రామాయణ భారతములను కలగాపులగము చేసి పలుకును. పేరు వినకున్నను, ఒక్కమాట విన్నంతనే వీడు శకారుడని తెలియును. బంగారక్కయు నట్టిదే. ఆమె నోటిదురుసు లంకలో నున్నను, అయోధ్యలో నున్నను మాఱదు. కథ మాఱినను స్వభావము మాఱకుండుటచే ప్రేక్షకుడు ఆమెను బంధువువలె గుర్తించును. కేతిగాడన్న మాట మన జిల్లాలలో నవ్వించువానికి మాఱుపేరైపోయినది. పాత్రపేరు జాతిపేరగుటకంటె చిరంజీవిత్వమునకు వేఱు సాక్ష్య మేల?

మూడవది తాదాత్మ్యము. నాయకుని భావము నాయకునిదిగనే యుండక సామాజికున కనుభవయోగ్య మగుటను భట్టనాయకుడు సాధారణీకరణమనెను. 1986 నాటి ది లెజెండ్ ఆఫ్ జెల్డా అను ఆటలో లింకు అను నాయకుడు తన నోట మాటలాడడు. ఆ పేరునకు కొలికి యని యర్థము. ఆడువానిని ఆటలోకముతో కలుపు కొలికి యాతడని కల్పించినవారే చెప్పిరి. అతడు మౌనము వహించినందున ఆడు బాలుని మనసే యతని మాటగును.

కరుణమునకు నుదాహరణము 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ యేడవ యాట. అందు ఎయిరిత్ అను కన్య కథ నడుమ హతురాలగును. అప్పటికి ఆడువాడు ఆమెను పలుగంటలు వెంటనుంచుకొని, ఆయుధము లొసగి, ఆమె బలమును పెంచియుండును. తాను పెంచినదానిని తానే కోల్పోవును. ఆమెను బ్రతికించు నుపాయ మేదైన గలదేమోయని అనేకులు బహుకాలము వెదకిరి, అట్టిది లేదు. శాకుంతలమున నాలుగవ యంకము చదువునపుడు కణ్వునితో మనమును కంట తడి పెట్టుదుము గాని, శకుంతలను మనము పెంచలేదు. ఇచట సామాజికుడే పెంచిన తండ్రి. ఈ విశేషము మన ప్రాచీనులకు లభింపలేదు. లభించియున్నచో దీనినిగూడ విమర్శించి యుందురు.

ఈ మూడును లేనిచో నేమగును? మన యమలాపురమునను, రాజోలునను కుఱ్ఱవాండ్రు మిక్కిలిగా నాడునది పబ్జీ. దానిని 2020లో మన ప్రభుత్వము నిషేధించగా, 2021లో బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా యను పేరున దానివంటిదే వచ్చినది. నూర్గురు ఒక దీవిపై దిగి, తుదకు మిగిలినవారు గెలుతురు. ఆట చుఱుకైనదే, మిత్రులతో కూడి యాడుటలో నుల్లాసమును గలదు. కాని అందు కుఱ్ఱవాడు నడపు బొమ్మకు స్వభావము లేదు. దుస్తులు మాత్రమే కలవు. సొమ్ము చెల్లించి చొక్కాలు మార్పవచ్చును. ఎన్ని చొక్కాలు మార్చినను అందొక పాత్ర పుట్టదు. తండ్రులు తమ బిడ్డ లాడు ఆటలో నెవరున్నారని యొకసారి యడిగి చూడుడు. పాత్రయున్నచో బిడ్డ కథ చెప్పును. లేనిచో లెక్క చెప్పును.

ఇక తుదిమాట. మారియోకు నలువదియేండ్లు దాటినవి. 2023లో నాతని కథ చలనచిత్రమై లోకమంతట నాడినది. మన కేతిగాడో, యాతనికి తాతలకు తాత. తోలుబొమ్మలాట ప్రస్తావన పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రయందే కలదు. కేతిగానికి రేఖ కలదు, స్వభావము కలదు, ఊరి ముచ్చటలాడి ప్రేక్షకుని కథలోనికి లాగు నేర్పు కలదు. లక్షణములలో నేలోపమును లేదు. మఱి మన మనుమలకు మారియో తెలిసి, కేతిగాడు తెలియకుండుట యేల?

సమాధానము మన శాస్త్రగ్రంథములలో దొరకదు. మారియోను నింటెండోవారు తరతరమునకు క్రొత్త యాటలలో నిలిపి, క్రొత్త చేతుల కప్పగించుచున్నారు. కేతిగానిని ఆడించు చేతులకు కూడు కఱవైనది. గౌతమి దాటి కాకినాడ చెంత నున్న మాధవపట్టణము ఈ విద్యకు పేరుగన్న యూరు. రాయలసీమలో నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. ఆ యూర బొమ్మలు చేయు నేర్పుతోనే దీపపు గుడారములును, గోడకు వ్రేలాడదీయు చిత్రములును చేసి జీవించుచున్నారు. వృత్తి నిలిచినందులకు సంతోషమే. కాని గోడకు వ్రేలాడు కేతిగాడు మాటలాడడు. ఆడించు చేయి యున్నంతవఱకే బొమ్మకు ప్రాణము.

అట్లని మేము నిరాశ చెప్ప రాలేదు. 2020లో పూనా నగరమందలి యువకుల సంస్థ యొకటి రాజీ యను ఆటను వెలువరించినది. తమ్ముని వెదకికొనుచు పోవు బాలిక కథ యది. కథాభాగములను నీడబొమ్మల రీతిని చూపిరి. పూనావారు చేయగలిగినది కోనసీమ బిడ్డలకు సాధ్యము కాకపోదు.

కావున పోషకమహాశయులకు మా విన్నపములు మూడు. వచ్చు సంవత్సరపు మహాసభలో ఒక రాత్రి, ఉపన్యాసములను కొంత తగ్గించియైనను, తోలుబొమ్మలాట పెట్టింపుడు. కళాకారులకు దానమువలె గాక, న్యాయమైన పారితోషిక మొసగుడు. చిత్రలేఖనమునందును, కంప్యూటరు విద్యయందును ఆసక్తిగల మన వసతిగృహ విద్యార్థులను కొలది దినములు ఆ కళాకారుల చెంత కూర్చుండబెట్టుడు. ఇవి మన కులమువారి బొమ్మలా యని యెవరేని యడుగుదురేమో! వానిని చేసినవా రెవరైనను, వానిని చూచి నవ్వినవారు మన తాతలే. ఆ నవ్వు ఋణము మనపై గలదు.

పిల్లల చేతిలోని యంత్రమును లాగికొనుట సులభము. అందొక మంచి పాత్రను నిలుపుట కష్టము. కష్టమైనదానికే సంఘబలము కావలయును.