రెండు ఊళ్ల అచ్చు: న్యూయార్క్ డొమినికన్ కళాకారులు

తైలవర్ణ చిత్రం ఒక్క గోడకే దక్కుతుంది. అచ్చుచిత్రం అలా కాదు. అదే బొమ్మ డొమినికన్ రిపబ్లిక్ రాజధాని శాంటో డొమింగోలోనూ న్యూయార్క్‌లోనూ ఒకేసారి ఉండగలదు. రెండు ఊళ్ల మధ్య బతుకును పంచుకున్న జనానికి ఇంతకన్నా తగిన కళ లేదు. 2010లో అచ్చుచిత్రకారుడు పెపే కొరొనాడో చొరవతో న్యూయార్క్‌లో పన్నెండుగురు డొమినికన్ మూలాల కళాకారులు కలిసి 'డొమినికన్ యార్క్ ప్రోయెక్టో గ్రాఫికా' అనే బృందంగా ఏర్పడ్డారు. వలసపోయినవాళ్లను సొంత దేశంలో ఎద్దేవా చేసే 'డొమినికన్ యార్క్' అన్న మాటనే బృందానికి పేరుగా పెట్టుకోవడం వాళ్ల తెగువ.

ఆ వలస వెనుక చరిత్ర చేదైనది. 1930 నుంచి 1961లో హతుడయ్యేదాకా నియంత రఫాయెల్ ట్రుహియో దేశాన్ని ఉక్కుపిడికిట పట్టాడు. 1965లో అంతర్యుద్ధం, ఆ వెంటనే అమెరికా సేనల ప్రవేశం. ఆపైన జనం వేలాదిగా న్యూయార్క్ దారి పట్టారు. మన్‌హాటన్ ఎగువన వాషింగ్టన్ హైట్స్ వాళ్ల పేటైంది. అంతకుముందు ట్రుహియో పాలన ఆఫ్రికా మూలాల ఊసే లేకుండా చేయబోయింది. 1937లో హైతీ సరిహద్దు దగ్గర వేలాది హైతీయులను చంపించింది. నల్లని వాళ్ల ఒంటిరంగును కూడా గుర్తింపు కార్డుల్లో 'ఇండియో' (ఆదివాసి) అని రాశారు.

బృందంలోని షెరెజాదే గార్సియా బొమ్మలు ఆ కప్పిపుచ్చుడుకు గట్టి జవాబు. ఆమె మనుషులు దాల్చినచెక్క రంగులో ఉంటారు. రంగుల పళ్లెంలోని రంగులన్నీ కలిపితే వచ్చే ఆ రంగును ఆమె కోరి ఎంచుకుంది. వాళ్ల చుట్టూ లైఫ్ జాకెట్లు, టైరు ట్యూబులు కనిపిస్తాయి. యోలా అనే చిన్న పడవల్లో మోనా జలసంధి దాటి ప్యూర్టో రికో చేరబోయి మునిగిపోయినవాళ్లు ఎందరో. ఆమె చెల్లెలు ఇలియానా ఎమీలియా పల్లెటూరి కుర్చీని పదేపదే గీస్తుంది. యూనియర్ చికి మెండోసా 'బనాన్‌హాటన్'లో మన్‌హాటన్ దీవే అరటిపండైంది. కూర అరటికాయను ఉడికించి మెదిపిన మంగూ డొమినికన్ల పొద్దుటి తిండి అని తెలిస్తే ఆ బొమ్మ మరింత ఆత్మీయమవుతుంది.

వీళ్లు విరివిగా వాడే స్క్రీన్ ప్రింటింగ్, మన ఊళ్లలో శుభలేఖలు అచ్చువేసే పద్ధతే. చట్రానికి బిగించిన సన్నని వలలో అక్కర్లేని చోట్లు మూసి, సిరా పోసి, రబ్బరు పట్టీతో ఒక్క ఊపున లాగుతారు. రంగుకొక స్క్రీన్. మొదటి రంగు ఆరాక కాగితాన్ని సరిగ్గా అదే గుర్తుకు పెట్టాలి. వెంట్రుకవాసి జరిగినా ఆ ప్రతి పోయినట్టే. చివరికి అడుగున పెన్సిలుతో సంఖ్య, సంతకం. ఈ పనికి ఒక చెయ్యి చాలదు. అందుకే ఇది సంఘంగా చేసుకునే కళ, ఆ బృందం బలమూ అదే. వాళ్ల తొలి అచ్చుచిత్రాల సంపుటి 'మానిఫెస్టాసియోనెస్'లో ఒక్కొక్కరిది ఒక్కో గొంతు. 'మేమంతా ఒకటే రకం' అని అది ఎక్కడా బుకాయించదు. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం దాన్ని సేకరించింది.

అచ్చుచిత్రం తెలుగువాళ్లకు పరాయిది కాదు. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లోని అటెలియే 17 అనే అచ్చుచిత్రాల కార్యశాలలో, సిరాల చిక్కదనంలోని తేడాతో ఒకే పలక మీద నుంచి పలు రంగులు ఒకేసారి అచ్చువేసే పద్ధతికి రూపమిచ్చినవాళ్లలో ఒకరై, 1976లో న్యూయార్క్ చేరి, 2018లో అక్కడే కన్నుమూశారు. అచ్చుచిత్రానికి అంత చేసినవాడి పేరు మన ఇళ్లలో వినిపించకపోవడం బాధాకరం.

మన యువ చిత్రకారులు, అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలు కలిసి 'మానిఫెస్టాసియోనెస్' లాంటి సంపుటి ఒకటి తేవాలి. ఆ పనికి లలితకళా కళాశాలలు తమ ప్రింట్‌మేకింగ్ గదుల తలుపులు తెరవాలి.