తిరుగు వలయములు, తోచు లోతు
(సంఘ సమావేశమందు చేసిన ప్రసంగ పాఠము)



రెండేండ్ల క్రిందట మా కుడికంటి చూపు పోయినది. నాటినుండి చెంబుతో గ్లాసులోనికి నీళ్లు వంచిన బల్లపై పడుచుండెను. మెట్టు దిగవలసినప్పుడు కాలితో తడవికొనవలసి వచ్చెను. లోతును తెలియుటకు రెండు కన్నులును ఉండి తీరవలెనని అందరును చెప్పగా మేమును నమ్మియుంటిమి. ఒకనాడు మా మనుమడు అట్టబిళ్లపై వలయములు గీసి, అటకమీది పాత గ్రామఫోనుపై నుంచి త్రిప్పెను. ఇంటిల్లిపాదికంటె ముందుగా మాకే అందులో గరాటు కనబడెను!

ఇటలీ దేశపు పాదువాలో ముసాట్టి అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఈ వింతను 1924లో విపులముగా వర్ణించెను. వలయములు ఒకదానిలో నొకటి యుండవలెను గాని వాని కేంద్రములు ఒక్కటే కారాదు. బిళ్ల తిరుగుచుండగా వలయము తనలో తాను తిరుగుట మనకు తెలియదు. దానిపై గురుతేమియు లేదు గదా. అది చోటు మారుట మాత్రమే తెలియును. ఒక్కొక్క వలయము ఒక్కొక్క కొలతను జరుగుచుండును. ఊగుచున్న గరాటును ఎదురుగా చూచినచో దాని చుట్టులును ఇట్లే జరుగును. కావున మనస్సు చదునైన అట్టను విడిచి గరాటునే గ్రహించును. కొంతసేపటికి అదే తిరుగబడి, కొన మనవైపు పొడుచుకొని వచ్చినట్లును తోచును. రెండు కన్నులవారికి ఆ రెండును కలిసి "ఇది వట్టి అట్టయే" అని సాక్ష్యము చెప్పుచుండును. ఒంటికంటివానికి ఆ అడ్డు లేదు.

ఫ్రెంచి చిత్రకారుడు మార్సెల్ డ్యూషాం 1935లో ఇట్టి బిళ్లలు ఆరింటిని, ఇరువైపుల బొమ్మలతో అచ్చొత్తించి, పారిస్ నగరమున నూతన కల్పనల ప్రదర్శనమందు అంగడి పెట్టెను. కొనినవారు బహు స్వల్పము. పిల్లల ఆటవస్తువులని తలచిరేమో!

1953లో అమెరికాయందు వాలక్, ఓకానెల్ అను పరిశోధకులు వంచిన తీగ నీడను తెరపై వేసి చూపిరి. తీగ నిలిచియున్నంతసేపు అది వట్టి గీతల నీడ. త్రిప్పినంతనే నిండైన ఆకారము. తోలుబొమ్మల తెర ముందు తెల్లవార్లు కూర్చుండిన పెద్దలకు నీడల మహిమ మేము చెప్పనక్కరలేదు.

కదలికయే లోతును చెప్పునని తెలిసినపిమ్మట, మెట్టు దిగుటకు ముందు తలను కొంచెము అటునిటు కదల్చుచున్నాము. దగ్గరి అంచు ఎక్కువగను, దూరపుటంచు తక్కువగను జరుగును. ఆ తేడాను బట్టి కాలు వేయుచున్నాము. ఈ యేడు ఒక్కమారైనను పడలేదు. నీళ్లు మాత్రము ఇంకను అప్పుడప్పుడు ఒలుకుచునే యున్నవి.

మనుమడు చేసిన బిళ్లలు, గ్రామఫోను వెనుకనున్న బల్లమీద పెట్టియున్నాము. సభానంతరము ఒక కన్ను మూసికొని చూడుడు.