చార్మినార్ కాడ ఆగిన చరిత్ర చంపాపేట దాక రావాలె

(చంపాపేటల కాలనీవాసులు, విద్యార్థులు కూడిన సభల చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినోళ్లు 'హైదరాబాద్ చరిత్ర గురించి మాట్లాడాలె' అన్నరు. మన దగ్గర హైదరాబాద్ చరిత్ర అంటే ఒక అలవాటు ఉన్నది. 1591ల మొదలువెడుతరు. కులీ కుతుబ్‌షా అంటరు, చార్మినార్ అంటరు, గోల్కొండ, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం అంటరు. ఆడికెంచి ఒక్కటే దునుకు దునికి హైటెక్ సిటీల పడుతరు. మలక్‌పేట దాటినంక ఈ తూర్పు దిక్కు మనుషులే లేనట్టు, చరిత్రే లేనట్టు. అందుకే ఇయ్యాల నేను మనం కూసున్న ఈ జాగ గురించే మాట్లాడుత.

ఇది ఎందుకు అవసరమో ముందు చెప్తె మంచిది. ఉద్యమంల తిరిగిన రోజుల్ల మనల్ని ఒక్కటే మాట అడిగేటోళ్లు. 'హైదరాబాద్‌ను మేమే అభివృద్ధి చేసినం, అది మీది ఎట్లయితది?' అని. మనం జవాబు చెప్పినం. 1956 నవంబర్ 1 కన్నా ముందే ఇక్కడ హైకోర్టు ఉన్నది, ఉస్మానియా యూనివర్సిటీ ఉన్నది, ఉస్మానియా దవాఖాన ఉన్నది, గండిపేట నీళ్లున్నయి, రైలున్నది, కరెంటున్నది అన్నం. ఆ జవాబు సరైందే. కాని అదంత పెద్ద బిల్డింగుల లెక్క. నవాబుల లెక్క. ఈ నగరాన్ని మోసినోళ్ల లెక్క అండ్ల లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఇగ మనల్ని ఎవ్వరూ అడుగుతలేరు గనుక మనం కూడ చెప్పుకోవుడు బందు పెట్టినం. అక్కడ్నే నష్టం మొదలైంది.

పేర్లల్ల దాచిన ముచ్చట

చాదర్‌ఘాట్ దాటి ఇటు బయలుదేరుదం. మొదలు మలక్‌పేట. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంల, 1886ల గుర్రప్పందేలను ఆడికి తెచ్చిండ్రు. ఆ రేస్‌కోర్సు ఇప్పటికీ ఉన్నది.

ముంగటికి వస్తె మూసారాంబాగ్. ఈ మూసారాం ఎవలు? ఫ్రాన్స్ దేశపోడు. మిషెల్ రేమండ్ అని రెండో నిజాం అలీఖాన్ దగ్గర సైన్యాధికారి. ఫిరంగులు పోసే తోప్‌ కా సాంచా ఆయన పెట్టిందే. మన జనం నోట్లె రేమండ్ అని తిరగలేదు. ముసల్మాన్లు మూసా రహీం అన్నరు, హిందువులు మూసారాం అన్నరు. 1798 మార్చి 25న చచ్చిపోతె ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద గోరి కట్టిండ్రు. అదే ఏడు తెల్లోడు నిజాంతోని ఒప్పందం రాయించుకొని ఫ్రెంచి పల్టన్‌ను రద్దు చేయించిండు. ఒక పెద్ద రాజ్యం తన చేతులు తానే కట్టేసుకున్న ఏడాది అది. ఆ కథంత ఈ గుట్ట మీదున్నది. పక్కకే ప్రధాని ఆస్మాన్‌ జా కట్టించిన కోట. ఆ రోడ్డు మీద పొద్దుమాపు పోయేటోళ్లల్ల ఎంతమంది ఆ గుట్ట ఎక్కి చూసిండ్రో మీరే చెప్పండ్రి.

ఇటు సరూర్‌నగర్ వస్తె విక్టోరియా మెమోరియల్ హోం. ఇంగ్లండు రాణి పేరు పెట్టిండ్రు గని లోపల ఉన్నది మన అనాథ పిల్లలు. వందేండ్ల కిందనే తల్లి తండ్రి లేని పిల్లలకు ఉండ జాగ, తిన తిండి, చదువు పెట్టిన చోటు అది. అవతల వనస్థలిపురం కాడ జింకల పార్కు. అది నిజాముల వేట అడివి. 1975ల మహావీరుని పేరు పెట్టి జింకలకు కాపాయం చేసిండ్రు.

ఇగ మన పక్కనే కర్మన్‌ఘాట్ హనుమాన్ల గుడి. కాకతీయ రెండో ప్రోలరాజు వేటకొచ్చి అలిసి చెట్టు కింద పంటె, పులి గాండ్రింపు ఇనొచ్చిందట. పోయి చూస్తె పొదల ధ్యానంల ఉన్న ఆంజనేయుడు. అందుకని గుడి కట్టిచ్చిండంటరు. గుడి కాడ 1143ల కట్టిండ్రని చెప్తరు. ఔరంగజేబు గుడి కూలగొట్ట వస్తె 'కర్ మన్ ఘట్', మనసు గట్టి చేసుకో రాజా అని లోపల్నుంచి గొంతు ఇనొచ్చిందనీ, ఆ మాటే ఊరి పేరైందనీ ఇంకో కథ. ఇవి జనం చెప్పుకునే కథలు, శాసనాలు కావు. కాని జనం కథ కూడ ఒక సాక్ష్యమే. ఇది నిన్న మొన్న ప్లాట్లు చేసి అమ్మిన జాగ కాదు, తరతరాల కెల్లి మనుషులు నడిచిన తొవ్వ అని అది చెప్తది.

నిజాం జమానల సిటీ చుట్టుముట్టు ఉన్న ఊర్లను అత్రాఫ్-ఎ-బల్దా అనేటోళ్లు. బల్దా అంటె నగరం, అత్రాఫ్ అంటె చుట్టుపక్కల. అది దివానీ సర్కారు కింద లేదు. సర్ఫెఖాస్, అంటె నిజాం సొంత ఖర్చుకు పెట్టుకున్న జాగ. ఇక్కడ రైతు కట్టిన శిస్తు సీదా నిజాం ఇంటి ఖజానల పడేది. 1949ల సర్ఫెఖాస్‌ను సర్కారుల కలిపిండ్రు. అదే ఏడు ఆగస్టు 15న జాగీర్లు రద్దయినయి. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా చేసిండ్రు. 2007 ఏప్రిల్ 16న ఎల్‌బీనగర్, గడ్డిఅన్నారం మున్సిపాలిటీలను మరో పదిటితోని కలిపి గ్రేటర్ హైదరాబాద్ అన్నరు. మీరు సూడుండ్రి, పాలించేటోడు మారినప్పుడల్ల మన ఊరి మీది బోర్డు మారింది. ఊరోణ్ని మాత్రం ఎవ్వడూ అడగలే.

నీళ్లు, మనుషులు ఒక్క తొవ్వన్నే

చంపాపేటను అర్థం చేసుకోవాలంటె సాగర్ రోడ్డును అర్థం చేసుకోవాలె. ఐ.ఎస్. సదన్ కాడికెంచి చంపాపేట, కర్మన్‌ఘాట్, ఇబ్రహీంపట్నం మీదుగ దేవరకొండ దిక్కు, నాగార్జునసాగర్ దాక పోయే రోడ్డు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కు పునాది రాయేసిండు. డ్యాం మన నల్లగొండ గడ్డ మీద కట్టిండ్రు. కాలువల్ల నీళ్లు పారినయి. కాని దేవరకొండ, మునుగోడు ఎత్తు మీది పల్లెలకు రాలే. అక్కడ బోరు నీళ్లల్ల ఫ్లోరైడు. నడుములు వంగిపోయినయి, కాళ్లు వంకర పోయినయి.

2004ల కృష్ణా నీళ్లు హైదరాబాద్‌కొచ్చినయి. నల్లగొండ జిల్లా కోదండాపూర్‌ల శుద్ధి చేసి, పైపుల నుంచి మనకు దగ్గరనే ఉన్న సాహెబ్‌నగర్ రిజర్వాయర్‌ల పోసిండ్రు. ఆ నీళ్లు ఫ్లోరైడు జిల్లా నడుమ నుంచే వచ్చినయి. అదే తొవ్వన మనుషులు కూడ వచ్చిండ్రు. పక్కనున్న సింగరేణి కాలనీ గుడిసెలల్లకు పోయి అడుగుండ్రి, 'ఏ ఊరు బిడ్డా' అని. దేవరకొండ దిక్కు తండాల పేర్లే చెప్తరు. ఆటో తోలేటోడు, సెంట్రింగ్ కొట్టేటోడు, ఇండ్లల్ల పని చేసే అక్క అక్కణ్ణించే వచ్చిండ్రు. నీళ్లు దక్కని మనిషి నీళ్ల వెంబడే సిటీకొచ్చి, ఇక్కడ ట్యాంకర్ కాడ బిందె పట్టుకొని లైన్ల నిలబడ్డడు. నగర చరిత్రంటె ఇది. దీన్ని ఏ మ్యూజియంల పెట్టలేదు.

అట్లనే దిల్‌సుఖ్‌నగర్. దిల్‌సుఖ్‌రాం అనే జాగీర్‌దారు పేరున వచ్చిందంటరు. నల్లగొండ, ఖమ్మం, పాలమూరు పిల్లలు బస్సు దిగి, కోచింగుల చేరి, ఇరుకు రూముల నలుగురు పండుకొని నౌకరీ కోసం చదివిన జాగ. కొత్తపేటల పండ్ల మార్కెట్ ఉండె. నల్లగొండ బత్తాయి ఆన్నే దిగేది. హమాలీ నెత్తి మీద బరువు మోసిన ఆ జాగ బాటసింగారం పోయింది. దాని తావుల దవాఖానకు పునాది వేసిండ్రు. దవాఖాన వద్దని ఎవ్వరూ అనరు. కాని ఈడ ఒక మార్కెట్ ఉండేదనీ, వేలమంది బతికిండ్రనీ చెప్పే ఒక్క పలక ఉండాలె గద.

ఈ పిల్లల తొవ్వన్నే ఒక పిల్లగాడొచ్చిండు. కాసోజు శ్రీకాంతాచారి. మోత్కూరు దిక్కు పొడిచేడు ఊరోడు. 2009 నవంబర్ 29న ఎల్‌బీనగర్ చౌరస్తాల ఆత్మాహుతి చేసుకున్నడు. డిసెంబర్ 3న పాణం ఇడిసిండు. బతికి ఉండవలసిన బిడ్డ. పిల్లలు పాణాలు తీసుకునే దాక ఇనని రాజకీయం సిగ్గుపడాలె. ఆయన విగ్రహం పక్క నుంచే మనం రోజూ పోతం. దండ వేసుడు ఒక్క రోజు పని. ఆయన ఏ గడ్డ కోసం పోయిండో ఆ గడ్డను ఎరుక పెట్టుకునుడు ప్రతి రోజు పని.

మరుపు ముంచుతది

కొంతమంది అడుగుతరు, 'అన్నా, పాత ముచ్చట్లు తవ్వితె కడుపు నిండుతదా?' అని. నిండది. కాని మరిస్తె ఇల్లు మునుగుతది.

2020 అక్టోబర్ 13 రాత్రి యాదికి తెచ్చుకోండ్రి. హయత్‌నగర్ దిక్కు ఒక్క దినంల ముప్పై సెంటీమీటర్ల కాడికి వాన కొట్టింది. సరూర్‌నగర్ చెరువు కింద కోదండరాంనగర్, గడ్డిఅన్నారం కాలనీల నీళ్లు సొచ్చినయి. కార్లు తేలినయి, బియ్యం సంచులు నానినయి, పిల్లల సర్టిఫికెట్లు కొట్టుకపోయినయి. చెరువే కాలనీల మీదికొచ్చిందని పేపర్లు రాసినయి. నిజం ఏందంటె, చెరువు తన పాత తొవ్వన్నే పోయింది. ఆ తొవ్వల మనం ఉన్నం.

మన తాతలు చెరువుకు లెక్క పెట్టిండ్రు. పైన కుంట నిండితె అలుగు దునికి కింది చెరువుకు, అది నిండితె వాగుకు. ఈ దిక్కు వానంత ఉత్తరానికి జారి మూసీల పడాలె. చెరువుకు కట్ట ఎంతనో, తూము ఏడనో, శిఖం ఎందాకనో నీరటికాయనకు ఎరుకుండె. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని మింగినంకనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టిండ్రు. రాజరికంల కూడ వరద కాడ పాఠం నేర్చుకున్నరు. ఓట్లతోని వచ్చిన సర్కార్లు ఆ పాఠం మరిచినయి. అలుగు మీద లేఅవుట్, నాలా మీద అపార్టుమెంటు. ఆ పర్మిషన్లు ఇచ్చినోళ్లు ఇరుప్రాంతాలల్ల ఉన్నరు, అన్ని జెండాల కింద ఉన్నరు. నిజం మాట్లాడుదం.

ఇప్పుడు ఏమైతున్నది? 2024 సెప్టెంబర్ల మూసీ పక్కన కొత్తపేట, చైతన్యపురి ఇండ్ల మీద గుర్తులు పెట్టనీకి అధికారులొచ్చిండ్రు. జనం రోడ్డెక్కిండ్రు. 'రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి పన్ను కట్టినం, కరెంటు బిల్లు కట్టినం, బ్యాంకు లోన్ ఇచ్చింది, మాది తప్పెట్లయితది?' అన్నరు. న్యాయమైన ప్రశ్న. అది నది జాగనో కాదో కొనే రోజు చెప్పవలసినోడు చెప్పలే. నక్ష బీరువల దాచిపెట్టిండ్రు. అంటె స్థానిక చరిత్ర లేకపోవుడు వల్ల లాభం పట్టా చేసినోనికి, దెబ్బ ఉన్నదంత పెట్టి కొనుక్కున్నోనికి. ఇండ్లల్లున్న పేదోనికి వేరే ఇల్లు చూపకుండ బుల్‌డోజర్ తెచ్చుడు తప్పు. కుంట పూడ్చినోణ్ని ఒదిలిపెట్టుడు అంతకన్న పెద్ద తప్పు.

మనం చేయవలసిన పని

నేను మీ ముంగట మూడు పనులు పెడుతున్న. పైసలతోని పని లేనివి.

ఒకటి. డెబ్బై దాటిన పెద్దమనుషులు ప్రతి గల్లీల ఉన్నరు. కాలేజీ పిల్లలారా, మీ సెల్‌ఫోన్ తీసుకొని వాళ్ల కాడ కూసోండ్రి. బొడ్రాయి ఎక్కడుండె, పోచమ్మ కాడికి బోనాలు ఏ తొవ్వన పోయేవి, పీరీలు ఏడ లేసేవి, ఏ బాయి నీళ్లు తాగేటోళ్లు, ఎవలి పొలం ఏ కాలనీ అయింది అని అడుగుండ్రి. ఒక్క ముసలవ్వ పోతె ఒక ఊరి నక్ష పోయినట్టే.

రెండు. సమాచార హక్కు చట్టం 2005ల వచ్చింది. దాన్ని వాడుదం. చంపాపేట, కర్మన్‌ఘాట్, సరూర్‌నగర్ ఊరి నక్షలు, సేత్వార్, 1954–55 ఖాస్రా పహాణీ నకళ్లు తీసుకుందం. ఏ సర్వే నంబర్ల కుంట ఉన్నదో, శిఖం ఎంతో పెద్ద అక్షరాలతోని రాసి చౌరస్తాల బోర్డు పెడుదం. కొనేటోడు చూసి కొంటడు, అమ్మేటోడు ఆలోచిస్తడు.

మూడు. పేర్లు కాపాడుకుందం. 2018ల ఎల్‌బీనగర్ దాక మెట్రో వచ్చినప్పుడు స్టేషన్లకు మూసారాంబాగ్, విక్టోరియా మెమోరియల్ అని పెట్టిండ్రు. అందుకని ఇయ్యాల పిల్లలు 'మూసారాం ఎవలు?' అని అడుగుతున్నరు. నాగోల్ కెల్లి ఎయిర్‌పోర్టుకు కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగ మెట్రో కావాలని రాష్ట్ర సర్కారు 2024ల కేంద్రానికి రాసింది. అది వచ్చిన్నాడు మన స్టేషన్ మీద ఏ కంపెనీ పేరో కాకుండ మన ఊరి పేరే ఉండాలె. స్టేషన్‌ల ఒక గోడ మీద ఈ ఊరి కథ ఉండాలె.

హైదరాబాద్ మాది అని కొట్లాడి గెల్చినం. ఆ 'మాది'ల ఇక్కడ పుట్టినోడున్నడు, తండా నుంచి వచ్చినోడున్నడు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి వచ్చి కష్టం చేసుకొని ముప్పై ఏండ్లు ఈ గల్లీలనే బతికినోడు కూడ ఉన్నడు. వరద సొచ్చిన్నాడు నీళ్లు ఎవలి యాస అడగలేదు. చెరువును, పేరును, యాదిని కాపాడుకునే పనిల అందరం కలుద్దాం. వచ్చే ఆదివారం పొద్దుగాల ఎనిమిది గంటలకు సరూర్‌నగర్ కట్ట మీద కలుసుకుందం, అలుగు కాడికెంచి మూసీ దాక నీళ్ల తొవ్వ పట్టి నడుద్దాం. ఒక నోట్‌బుక్కు, ఒక సీస నీళ్లు తెచ్చుకోండ్రి.

జై తెలంగాణ.